పాఠకుల ప్రశ్నలు – డాక్టరు జవాబులు: చంటిబిడ్డల విరేచనాలకు అసలు కారణాలు

వానాకాలం మొదలైన నాటి నుంచి గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగర్, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఐదేళ్ళలోపు పిల్లల విరేచనాల గురించే ఉన్నందువల్ల, ఈ సంచికలో ఆ ప్రశ్నలకే చోటిస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే కుదించి ప్రచురించాము.

ప్రశ్న: మాది గుణుపురం దగ్గర పల్లె. మా పాపకు పదకొండో నెల నడుస్తున్నది. వానలు పడిన దగ్గర నుంచి పదే పదే నీళ్ళ విరేచనాలు అవుతున్నాయి. మా ఇంటికి కుళాయి వచ్చింది, మరుగుదొడ్డి కట్టుకున్నాము, వంశధార నీళ్ళు తెచ్చుకుని తాగే రోజులు ఎప్పుడో పోయాయి. అయినా ఇలా ఎందుకు జరుగుతున్నది? పళ్ళు వచ్చేటప్పుడు మామూలేనని, కంగారుపడవద్దని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: అమ్మా, మీ అత్తగారు గమనించినది నిజమే కాని, దానికి చెప్పుకున్న కారణం సరైనది కాదు. పళ్ళు మొలిచే వయసూ విరేచనాలు ఎక్కువగా వచ్చే వయసూ ఒకటే అయినందువల్ల ఒకదానివల్లనే రెండవది వస్తున్నదని తరతరాలుగా అనుకుంటూ వచ్చాము. ఆరో నెల దాటేసరికి తల్లి నుంచి కడుపులో ఉండగా బిడ్డకు అందిన రక్షణ తగ్గిపోతుంది, తల్లిపాలతో పాటు బయటి తిండి మొదలవుతుంది, బిడ్డ నేలమీద పాకుతూ చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. చిగుళ్ళు దురద పెట్టడంవల్ల ఆ చేయి మరింత తరచుగా నోటికి పోతుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు ఉన్న ఈ కాలమే విరేచనాలకు అన్నిటికంటె ప్రమాదకరమైన కాలం. రోజుకు మూడుసార్లు లేదా అంతకు మించి, బిడ్డకు అలవాటైన దానికంటె పలుచగా విరేచనమైతే దానిని జబ్బుగానే చూడాలి తప్ప, పళ్ళ ఖాతాలో రాసి ఊరుకోకూడదు.

ఇక కుళాయి, మరుగుదొడ్డి సంగతి. మీరు అడిగిన ప్రశ్ననే ఒడిశాలో పరిశోధకులు కూడా అడిగారు. పూరీ జిల్లాలో 100 గ్రామాలను తీసుకుని, వాటిలో సగం గ్రామాలలో ప్రభుత్వ పారిశుద్ధ్య పథకం కింద మరుగుదొడ్లు కట్టించి, మిగిలిన సగంతో పోల్చి చూసిన అధ్యయనం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పథకం అమలైన గ్రామాలలో మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగినా, ఐదేళ్ళలోపు పిల్లల విరేచనాలలో మాత్రం తేడా కనిపించలేదు. కట్టినవాటిలో చాలా దొడ్లు వాడుకకు పనికివచ్చే స్థితిలో లేకపోవడం, ఉన్నా అందరూ వాడకపోవడం అందుకు కొంత కారణం. మీకు మరింత దగ్గరైన గంజాం, గజపతి జిల్లాలలో, ఊరిలోని ప్రతి ఇంటికీ కుళాయి, మరుగుదొడ్డి, స్నానాల గది కలిపి సమకూర్చిన గ్రామాలను, అవి లేని గ్రామాలతో పోల్చిన మరొక అధ్యయనం 2019లో వచ్చింది. మొత్తం 90 గ్రామాలను పరిశీలించిన ఆ అధ్యయనంలో పిల్లల ఎదుగుదల కొంత మెరుగుపడినట్లు తేలింది కాని, విరేచనాలు తగ్గినట్లు తేలలేదు. కనుక మీ ఇంట్లో జరుగుతున్నది వింతేమీ కాదు. కుళాయీ దొడ్డీ వృథా అని దీని అర్థం కాదు. అవి లేకపోతే కలరా వంటివి ఊరినంతా ఒకేసారి ఎలా చుట్టుముడతాయో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకు ప్రజలు 2007లోను, మళ్ళీ 2022లోను చూశారు. అయితే ఆ రెండూ ఉన్న తరువాత కూడా మలంలోని క్రిమి బిడ్డ నోటికి చేరడానికి ఇంటి లోపలే ఎన్నో దారులు మిగిలి ఉంటాయి. మూడు ద్వారాలు మూసి నాలుగోది తెరిచి ఉంచిన కోటను కాపాడుకోలేము కదా.

ఆ దారులలో మొట్టమొదటిది, మనలో చాలామంది లెక్కలోకే తీసుకోనిది, పసిబిడ్డల మలం. పాలు తాగే బిడ్డ దొడ్డికి దుర్వాసన ఉండదు కాబట్టి అది అపవిత్రం కాదని, హాని చేయదని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. అందువల్ల పెద్దలు మరుగుదొడ్డికి వెళ్ళే ఇంట్లో కూడా బిడ్డ మలాన్ని పెరట్లోనో, చెత్తకుప్ప మీదనో, ఇంటి ముందు కాలువలోనో పారవేస్తారు. నిజానికి విరేచనాల క్రిములు పెద్దల మలంలో కంటె పిల్లల మలంలోనే ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే ఆ జబ్బులు ఎక్కువగా వచ్చేది పిల్లలకే. బిడ్డ మలాన్ని, గుడ్డలు ఉతికిన మురికి నీటిని కూడా మరుగుదొడ్డిలోనే పోయాలి. ముడ్డి కడిగిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా పాలివ్వడానికో అన్నం కలపడానికో కూర్చోకూడదు. సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు ఒక్కటే విరేచనాలను సుమారు 30 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టినప్పుడు తేలింది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేవి వైద్యంలో అరుదు. మా వృత్తిలో ఉన్న మేము మందుచీటీ రాయడంలో చూపే శ్రద్ధలో పదో వంతు కూడా ఈ మాట చెప్పడంలో చూపము.

రెండవది కుళాయికీ నోటికీ మధ్య నీటికి ఏమవుతున్నదన్నది. రోజంతా రాని కుళాయిలో నీరు ఆగిపోయిన వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, గొట్టానికి ఎక్కడైనా చిన్న చిల్లు ఉంటే పక్కనున్న మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. వానాకాలంలో నీళ్ళు వదలగానే మొదట వచ్చే నీటిని పట్టకుండా వదిలివేయడం అందుకే మంచిది. ఆ తరువాత బిందెలో నింపిన నీటిలో చెంబుతో పాటు వేళ్ళు కూడా ముంచుతాము. శుభ్రమైన నీరు ఇంటికి వచ్చాకనే చెడిపోయే సందర్భం చాలా ఎక్కువ. మూత ఉన్న పాత్ర, పొడుగు కాడ ఉన్న గరిటె లేదా అడుగున పంపు ఉన్న పాత్ర వాడండి. పాపకు ఇచ్చే నీటిని బుడగలు తెర్లే వరకు కాచి, ఆ గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి ఇవ్వండి.

మూడవది తిండి. పసిపిల్లల ఆహారంలో తాగే నీటిలో కంటె ఎక్కువ క్రిములు ఉండడం బంగ్లాదేశ్ పల్లెలలో జరిపిన పరిశీలనలలోనే ఎన్నడో బయటపడింది. నీటిలో క్రిమి పడితే పెద్దగా పెరగదు కాని, వెచ్చగా, మెత్తగా ఉన్న అన్నంలోను జావలోను గంటల్లోనే లక్షలుగా పెరుగుతుంది. తెల్లవారుజామున పొలానికో కూలికో వెళ్ళే తల్లి పొద్దున్నే కాచిన చోడి (రాగి) జావను మధ్యాహ్నం, సాయంత్రం కూడా అదే గిన్నెలోంచి పెట్టడం మన ప్రాంతంలో సర్వసాధారణం. దీనికి తల్లిని తప్పుపట్టను, కట్టెలూ సమయమూ రెండూ తక్కువైన ఇంట్లో మరోలా జరగడం కష్టం. అయినా వండిన తరువాత రెండు గంటలు దాటితే మళ్ళీ బాగా పొగలు వచ్చేదాకా మరిగించకుండా బిడ్డకు పెట్టకూడదు. పెద్దలు తినే చద్దన్నం, పఖాళం సంగతి వేరు. బాగా పులిసి ఆమ్లగుణం వచ్చిన గంజిలో చాలా క్రిములు బతకవు కాని, పులియకముందే, ముఖ్యంగా కాచని నీరు పోసి నానబెట్టినదానిని, ఏడాది నిండని బిడ్డకు పెట్టకపోవడమే మంచిది.

నాలుగవది నేల. పాకే బిడ్డ తిరిగే చోటనే కోళ్ళు, మేకపిల్లలు తిరిగితే వాటి రెట్ట, పెంటిక బిడ్డ చేతికీ నోటికీ చేరుతాయి. కోళ్ళను రాత్రి ఇంట్లో కమ్మడం మానలేకపోయినా, బిడ్డ పాకే చోటును తడికతో వేరుచేసి, అక్కడ ఉతికిన బొంత పరచవచ్చు. ఈగల సంగతి మీకు తెలిసినదే.

ప్రశ్న: బరంపురంలో ఉద్యోగం చేసుకునే దంపతులము. బాబుకు నాలుగో నెల. మా ఆవిడ మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళవలసి ఉన్నందున సీసాతో డబ్బా పాలు అలవాటు చేశాము. సీసాను రోజూ వేడినీళ్ళతో కడుగుతున్నాము. విరేచనాల భయం ఉంటుందా?

జవాబు: ఉంటుంది, నాలుగో నెలలో మరీ ఎక్కువగా ఉంటుంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డతో పోలిస్తే, తల్లిపాలు అసలే అందని బిడ్డ విరేచనాలతో మరణించే ప్రమాదం పది రెట్లు ఉంటుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. తల్లిపాలు రెండు పనులు చేస్తాయి. అవి క్రిములతో పోరాడే రక్షక పదార్థాలను అందిస్తాయి, కలుషితమైన నీరు, పాత్రలు బిడ్డ నోటి దాకా రాకుండా అడ్డుపడతాయి. సీసా రెండవ రక్షణను పూర్తిగా తీసివేస్తుంది. రబ్బరు పీక లోపలి భాగంలో, సీసా మెడ మలుపులో అతుక్కున్న పాల పొరను వేడినీటితో తొలిపినంత మాత్రాన పోగొట్టలేము.

మీ ఆవిడ ఉద్యోగానికి వెళ్ళేముందు పాలు పిండి ఇంట్లో ఉంచవచ్చు. శుభ్రమైన మూత గిన్నెలో పిండిన తల్లిపాలు బయట సుమారు నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు నిలువ ఉంటాయి. అయితే మన ఎండాకాలపు వేడిలో బయట ఉంచే సమయాన్ని ఇంకా తగ్గించాలి. వాటిని సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో గాని చిన్న స్టీలు గ్లాసుతో గాని తాగించండి. ఉగ్గుగిన్నెకు మూలలు లేవు, సబ్బుతో తోమి పది నిమిషాలు మరిగించడం సులువు. మన అమ్మమ్మలు వాడి, మనము పాతకాలపు వస్తువని అటక మీద పారేసినది నేటి వైద్యశాస్త్రం సిఫారసు చేసే పాత్రే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. అందులో పెట్టి తాగించే ఆముదాన్ని, ఉగ్గు మందులను మాత్రం అటక మీదనే ఉండనివ్వండి.

ప్రశ్న: నేను రాయగడ జిల్లాలో అంగన్‌వాడీ కార్యకర్తను. మా కేంద్రంలో ఛతువా (పోషకాహారపు పిండి) తీసుకునే పిల్లలందరూ ఒకే ఊరివారు, ఒకే బోరింగు నీళ్ళు తాగుతారు. కాని విరేచనాలు ఎప్పుడూ అవే నాలుగైదు ఇళ్ళ పిల్లలకు వస్తాయి. ఎందుకని?

జవాబు: చాలా మంచి పరిశీలన. క్రిమి అందరికీ ఒకేలా అందినా, బిడ్డ శరీరం దానిని ఎదుర్కొనే తీరు వేరుగా ఉంటుంది. ఆ నాలుగైదు ఇళ్ళ పిల్లల జబ్బ చుట్టుకొలత ఒకసారి చూడండి. 12.5 సెంటీమీటర్లకు లోపు ఉంటే పోషకాహార లోపం, 11.5కు లోపు ఉంటే తీవ్రమైన లోపం. ఇలాంటి బిడ్డ పేగు లోపలి పొర పలుచబడి ఉంటుంది, చిన్న క్రిమికే విరేచనం పట్టుకుంటుంది, పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. ఆ రోజులలో తిన్నది ఒంటబట్టక మరింత చిక్కిపోతుంది, చిక్కిన బిడ్డకు మళ్ళీ విరేచనాలు వస్తాయి. రెండేళ్ళు నిండేలోగా ఐదుసార్లు, అంతకు మించి విరేచనాల పాలైన పిల్లలు వయసుకు తగిన ఎత్తు పెరగకపోయే ప్రమాదం స్పష్టంగా ఎక్కువ. నేరుగా ప్రాణం తీయకపోయినా, జబ్బు తన గుర్తును ఇలా వదిలిపోతుంది.

తరువాత ఆ పిల్లల కార్డులు చూడండి. తట్టు సోకిన బిడ్డకు కొన్ని వారాల పాటు రోగనిరోధక శక్తి తగ్గి విరేచనాలు తీవ్రంగా వస్తాయి. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండవది తట్టు టీకా పడిందో లేదో, తొమ్మిది నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ళ వరకు ఆరు నెలలకోసారి విటమిన్‌-ఏ పోస్తున్నారో లేదో కార్డు చెబుతుంది. బిడ్డను చూసుకునేది ఎవరు, తల్లి ఎంత చదివింది, ఇటుక బట్టీల పనికి వెళ్ళి వచ్చిన ఇల్లా, ఆ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఎంతమంది అన్నవి కూడా ప్రమాదాన్ని పెంచేవే. ఎడం లేకుండా పుట్టిన బిడ్డల ఇంట్లో పెద్దబిడ్డకు తల్లిపాలు త్వరగా ఆగిపోతాయి, చిన్నబిడ్డకు అక్కో అన్నో దాది అవుతారు. ఏడేళ్ళ అక్క తన చేతులనే సరిగా కడుక్కోదు.

అవే ఇళ్ళన్నీ ఊరి పల్లపు వైపున ఉన్నాయేమో కూడా గమనించండి. బోరింగు ఒకటే అయినా, నీళ్ళు తెచ్చే దూరం పెరిగినకొద్దీ ఇంట్లో వాడే నీరు తగ్గుతుంది, మొదట తగ్గేది చేతులు కడుక్కునే నీరే. పోడు దగ్గర పనిచేసే రోజులలో వాళ్ళు బోరింగు నీళ్ళు కాకుండా ఊట చెలమ నీళ్ళే తాగుతారేమో అడిగి తెలుసుకోండి. ఆ ప్రశ్నను కొంధుల కుయీ భాషలో వేయగలిగినవారు మీ కేంద్రంలో ఉంటే వారిచేతనే అడిగించండి, తెలుగులోనో ఒడియాలోనో వచ్చే జవాబు కంటె నికరమైన జవాబు వస్తుంది.

ప్రశ్న: మాది కాశీనగర్. పురిటికి శ్రీకాకుళం జిల్లాలోని పుట్టింటికి వెళ్ళి, బిడ్డకు మూడో నెల నిండాక వచ్చాను. అక్కడ విరేచనాల చుక్కలని ఒక్కసారి వేశారు. ఇక్కడ మళ్ళీ మొదటి నుంచి వేయించాలా?

జవాబు: అవసరం లేదు, మిగిలిన మోతాదులు ఇక్కడ వేయించండి. అది రోటావైరస్ టీకా. జాతీయ కార్యక్రమంలో దీనిని 2016లో తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌, ఒడిశా రెండూ ఉన్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పద్ధతి కూడా రెండు చోట్లా ఒకటే. ఆలస్యమైనా, మొదటి మోతాదు ఏడాదిలోపు పడి ఉంటే మిగిలినవి పూర్తి చేస్తారు. తెలుగులో ఉన్న కార్డును చూసి ఇక్కడి ఆశా దీదీ తటపటాయిస్తే, తేదీలు అంకెలలోనే ఉంటాయి కాబట్టి చూపించి రాయించుకోండి. సరిహద్దుకు అటూ ఇటూ తిరిగే కుటుంబాలలో టీకాలు తప్పిపోవడానికి అసలు కారణం కార్డు ఒక ఇంట్లో, బిడ్డ మరొక ఇంట్లో ఉండడమే.

ఈ టీకా రాకముందు మన దేశంలో విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన ఐదేళ్ళలోపు పిల్లలలో ప్రతి పదిమందిలో నలుగురికి రోటావైరసే కారణం. హైదరాబాదులో తయారైన టీకాపై జరిపిన పరీక్షలో, మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు సగానికి పైగా తగ్గాయి. అన్ని విరేచనాలనూ ఆపుతుందని మాత్రం అనుకోకండి. వానలప్పుడు వచ్చేవి ఎక్కువగా బ్యాక్టీరియావి, చలికాలంలో విజృంభించేది రోటావైరస్.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మనవడికి విరేచనాలైతే పాలు, అన్నం మాన్పించాము. మందుల షాపులో విరేచనాలు కట్టే బిళ్ళ, అట్టపెట్టెలో వచ్చే ఓఆర్‌ఎస్ పానీయం ఇచ్చారు. ఇవి సరైనవేనా?

జవాబు: అమ్మా, మూడూ సరికావు. తల్లిపాలను, మామూలు తిండిని ఆపకూడదు. ఆపితే ముందు చెప్పిన పోషకాహార లోపం మనమే కొనితెచ్చుకున్నట్లవుతుంది. విరేచనాలు కట్టే బిళ్ళ పసిపిల్లల పేగు కదలికను ఆపి, కడుపు ఉబ్బి ప్రాణాపాయం తేగలదు. మూడవది, తీపి పానీయం, విరేచనాలను పెంచుతుంది, ఎందుకంటే మితిమీరిన చక్కెర శరీరంలోని నీటిని పేగులోకి లాగుతుంది. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పట్టుబట్టిన తరువాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు ఉండకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

అసలైన ఓఆర్‌ఎస్ (విరేచనాలతో పోయిన నీటిని, లవణాలను తిరిగి అందించే ద్రావణం) పొట్లంలో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు కలిపి 20.5 గ్రాములు ఉంటాయి. దానిని మొత్తంగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, 24 గంటలలోగా వాడాలి. చిన్న పొట్లమైతే దానిమీద రాసిన కొలతనే పాటించండి. సగం పొడి, అంచనా నీళ్ళు పనికిరావు. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసుకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా పట్టించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బన్‌గావ్‌లో కలరాతో కుప్పకూలుతున్నప్పుడు, సెలైన్ సీసాలు చాలక, డాక్టరు దిలీప్ మహలనబిస్ డ్రమ్ములలో ఈ ద్రావణాన్ని కలిపి బంధువులచేతనే తాగించి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు దించారు. ‘సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం’ అని పట్టుబట్టే వారికి ఈ సంగతి చెప్పండి.

దీనితో పాటు జింకు బిళ్ళ, ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల లోపువారికి 10 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వాడాలి. చెంచా నీళ్ళలో కరిగించి ఇవ్వవచ్చు. ఆశా దగ్గర ఇది ఉచితంగా దొరుకుతుంది. యాంటీబయాటిక్ మాత్రం మలంలో రక్తం ఉన్నప్పుడో, కలరా అని అనుమానించినప్పుడో డాక్టరు రాస్తేనే వాడాలి.

మలంలో రక్తం పడినా, బిడ్డ ఏమీ తాగలేకపోయినా, తాగినదంతా వాంతి చేసుకున్నా, కళ్ళు గుంతలు పడి మగతగా పడుకున్నా, పొట్ట చర్మాన్ని గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలుగా మూత్రం లేకున్నా ఇంటి దగ్గర ఉండకుండా వెంటనే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆంధ్రలోని పాతపట్నం వైపు దగ్గరైతే అటు వెళ్ళండి, ఒడిశా వైపు దగ్గరైతే ఇటు వెళ్ళండి, కార్డు ఏ రాష్ట్రానిదైనా చికిత్సకు అడ్డుకాదు. దారి పొడుగునా చెంచాతో ద్రావణం పట్టిస్తూనే ఉండండి.